జతకోటు

"మీ వారు రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు ఓడ డాక్టరు.

"ఏమీ లేవండీ. జలుబు మాత్ర కూడా వేసుకోరు" అన్నాను కాస్త గర్వంగానే.

నా వెనకనుంచి నీరజాక్షి మూడు మందుల పేర్లు చెప్పింది. ఏది ఎన్ని మిల్లీగ్రాములో, ఏది పొద్దున వేసుకోవాలో, ఏది భోజనం తర్వాతో, అన్నీ వరసగా చెప్పింది. రెండేళ్లుగా వాడుతున్నారని కూడా చెప్పింది. డాక్టరు పెన్ను నావైపు నుంచి ఆవిడవైపు తిరిగింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆవిడనే అడిగాడు.

మంచంమీద మా ఆయన పురుషోత్తం నోటికి ఆక్సిజన్ పెట్టుకుని పడున్నారు. అరగంట క్రితం, ఎనిమిదింటికి, పైన భోజనాల హాల్లో పళ్లెం నిండా అనాసముక్కలు పెట్టుకుని వస్తూ వస్తూ ఉన్నచోటనే కూలిపోయారు. సిడ్నీలో ఓడెక్కి అది మూడోరోజు. చుట్టూ నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ క్షణంలో నాకు భయం వేయాలి. వేసింది కూడా. అయితే భయంకన్నా ముందు భగ్గుమన్నది మరొకటి. పాతికేళ్లు కాపురం చేసిన నాకు తెలియని మాత్రలు ఈవిడకెలా తెలుసు?

నీరజాక్షి గురించి చెప్పాలి. మా ఆయన విశాఖపట్నంలో గుండెకి సంబంధించిన పరికరాలు తయారుచేసే పరిశోధనశాలలో పనిచేస్తారు. ఆవిడ ఆయన కింద పదకొండేళ్లుగా పనిచేస్తున్న డాక్టరు. నలభై ఆరేళ్లుంటాయి, పెళ్లి చేసుకోలేదు. వాళ్లిద్దరూ కలిసి చేసిన యంత్రాన్ని ఒక కంపెనీ తీసుకుంది. ఆక్లండ్‌లో ఒక ఆసుపత్రివాళ్లకి చూపించడానికి రమ్మని, పనిలో పనిగా సరదా తీరుతుందని ఓడ ప్రయాణం ఏర్పాటు చేసింది. "పరిశోధకులూ, వారి కుటుంబాలూ" అని రాశారు ఆహ్వానంలో. ఆవిడ కుటుంబం ఆవిడే. కాబట్టి మా పాతికేళ్ల పెళ్లిరోజుకి మేం ముగ్గురం బయలుదేరాం. పైగా ఆవిడకిచ్చిన గది మా గదికి సరిగ్గా ఎదురుగా.

డాక్టరు అప్పటికే రెండుసార్లు కరెంటు షాకు ఇచ్చాడు. ఇచ్చినప్పుడల్లా గుండె దారికొచ్చేది. పది నిమిషాలు తిరగకుండా మళ్లీ పిచ్చిపరుగు అందుకునేది. డాక్టరు దక్షిణాఫ్రికా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు.

"కెప్టెన్‌తో మాట్లాడానమ్మా. తీరంనుంచి హెలికాప్టరు మనదాకా రావాలంటే సాయంత్రం ఐదు దాటాలి. ఇప్పుడు తొమ్మిది కావస్తోంది. అంతసేపు ఈ గుండెకి షాకులిస్తూ కూర్చోలేను. తట్టుకోదు" అన్నాడు.

"కోట్లు తెస్తానండీ" అంది నీరజాక్షి. ఎవరి జవాబుకోసమూ ఆగకుండా పరిగెత్తింది.

అవే జతకోట్లు. వాళ్ల యంత్రం. చూడ్డానికి చేతుల్లేని రెండు చొక్కాల్లా ఉంటాయి, మధ్యలో ఒక పెట్టె. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకటి తొడుక్కుంటే ఆ గుండె కొట్టుకునే తీరు రెండో కోటులోకి వెళ్తుంది. దారితప్పిన గుండె దాన్ని పట్టుకుని నడుస్తుంది. పొద్దున్నే పార్కులో ఇద్దరు మాట్లాడుకుంటూ నడిస్తే కాసేపటికి అడుగులు కలిసినట్టు, అంతే. అయితే దారినపోయే ఎవరి గుండెపడితే వారిది కుదరదు. ఏళ్ల తరబడి పక్కన మసలిన మనిషిది కావాలి. ఆ మనిషి తీరు మన నరాలకి తెలిసుంటుందట. ఈ సంగతి మా ఆయన ఇంట్లో సంబరంగా చెబుతుంటే, "అంటే పెళ్లాం కావాలన్నమాట" అన్నాను. ఆయన నవ్వి "బాగా తెలిసిన మనిషి" అన్నారు. ఆ సవరణ నాకప్పుడే గుచ్చుకుంది.

ఆర్నెల్ల కిందట నా గుండె తీరుని కూడా పెట్టెలో దాస్తామని రమ్మన్నారు. ఆ రోజు ఆయన క్యారేజీ మరిచిపోయి వెళ్తే నేనే పట్టుకెళ్లాను. నేను బల్లమీద పెట్టానో లేదో, నీరజాక్షి వచ్చి రెండో గిన్నె చనువుగా విప్పి, "ఇవాళ దొండకాయ వేపుడా, బతికించారు" అంది. మా ఆయన తలెత్తకుండా తన గిన్నె తాను తీసుకున్నారు. అంటే ఇది రోజూ జరిగేదే. ఆయనకి ఆకలెక్కువని నేను తెల్లవారుజామున లేచి, బడికి వెళ్లేలోపు రెండు గిన్నెలు నింపి పంపేదాన్ని. తింటున్నది ఈవిడ. పది నిమిషాల తర్వాత నాకు కోటు తొడిగి, కదలకుండా పడుకోమని, నా గుండె తీరు దాచుకున్నారు. మర్నాటినుంచి నేను ఒక్క గిన్నే కట్టాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆ పరిశోధనశాల గడప మళ్లీ నేను తొక్కలేదు.

నీరజాక్షి ఆక్లండ్‌లో చూపించడానికని తెచ్చిన రెండు జతల కోట్లూ పట్టుకొచ్చింది. డాక్టరు వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"ఇప్పటికి ఎంతమందికి వాడారు?"

"పన్నెండు మందికి. ఎవరికీ అరగంటకి మించలేదు. తమ తీరు ఇచ్చేవాళ్లని మాత్రం ఆరు గంటలదాకా ఉంచి చూశాం. ఆరో గంటలో ఒకాయన స్పృహ తప్పారు. ఇటునుంచి స్థిమితం వెళ్తుందండీ, అటునుంచి అలజడి వస్తుంది" అంది.

డాక్టరు చాలాసేపు ఆలోచించాడు. ఈలోగా గుండె మళ్లీ పరిగెత్తింది, మళ్లీ షాకిచ్చాడు. మా ఆయన ఒళ్లు మంచంమీద ఎగిరిపడింది. అప్పుడు ఒక కాగితం తీసి నావైపు జరిపాడు. సంతకం మాత్రం భార్యే పెట్టాలట. ఆ కాస్త దానికే నాకు గొప్పగా అనిపించిందంటే నా బుద్ధి ఎలా ఉందో చూడండి.

"ముందు మీ రికార్డుతోనే మొదలుపెడతాను, వకుళ గారూ" అంది నీరజాక్షి.

పెట్టెలో "భార్య" అని రాసున్న మీట నొక్కింది. తెరమీద పైన నా గీత, కింద ఆయన గీత. అరనిమిషం గడిచింది. కింది గీత నెమ్మదించడానికి బదులు నా గీత వెంటపడి ఇంకా ఉరకడం మొదలెట్టింది. నర్సు అరిచింది. నీరజాక్షి చటుక్కున ఆపేసింది.

"రికార్డు చేసిన రోజు మీరేదైనా కోపంలో ఉన్నారా?" అని అడిగింది.

"లేదే" అన్నాను.

లెక్కల టీచర్ని. నిమిషానికి నూటపదకొండని తెరమీద అంకె కనబడుతూనే ఉంది. అయినా లేదన్నాను.

"సరే, మీరే తొడుక్కోండి" అంది. తొడుక్కున్నాను. నూటపద్దెనిమిది. ఆయన గుండెకి నన్ను కలపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. గట్టిగా ఊపిరి పీల్చమన్నారు, పీల్చాను. కళ్లు మూసుకోమన్నారు, మూసుకున్నాను. మూసుకుంటే మూడు మాత్రల పేర్లు వినబడ్డాయి. నూట ఇరవై రెండు.

"విప్పి ఆవిడకివ్వండి" అన్నాడు డాక్టరు.

నా ఒంటి వేడి ఇంకా ఆరని కోటుని నీరజాక్షి తొడుక్కుని ఆయన పక్క మంచంమీద పడుకుంది. నాలుగు నిమిషాలు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగో నిమిషంలో కింది గీత తడబడి, ఆగి, పై గీతని అందుకుంది. ఆ తర్వాత రెండూ ఒకదానికింద ఒకటి, అక్షరం పొల్లుపోకుండా నడిచాయి. నర్సు చప్పట్లు కొట్టింది. డాక్టరు నా భుజంమీద చెయ్యేసి "అదృష్టవంతులు" అన్నాడు. ఆయన బతికారని ఏడ్చాను. ఆవిడ వల్ల బతికారని కూడా ఏడ్చాను. రెండో ఏడుపు ఎక్కువసేపు ఏడ్చాను.

ఐదు గంటలు ఆ గదిలో కూర్చున్నాను. పైన ఎక్కడో పాటల పోటీ జరుగుతున్నట్టుంది, మెట్లమీదనుంచి చప్పుడు దిగుతోంది. ఎవరో వచ్చి మా గదినుంచి పాస్‌పోర్టులు తెమ్మంటే తెచ్చిచ్చాను. బీమావాళ్లు ఫోన్లో "ఇది ముందునుంచీ ఉన్న జబ్బేనా?" అని అడిగితే ఫోను నీరజాక్షి చెవి దగ్గర పెట్టాను. అంతకుమించి నాకక్కడ పని లేదు. ఆ రెండు మంచాలూ, తెరమీద ఆ రెండు గీతలూ. పరాయి మనిషిని నేనే అయినట్టుంది.

ఒంటిగంటకి ఇంక ఆగలేకపోయాను.

"నాకెందుకు చెప్పలేదు మాత్రల సంగతి?"

ఆవిడ కళ్లు తెరవకుండానే జవాబు చెప్పింది. గొంతు సన్నగా ఉంది.

"చెప్పమని రెండేళ్లుగా పోరుతున్నానండీ. వకుళకి తెలిస్తే ప్రయాణాలూ ఉద్యోగమూ అన్నీ మాన్పించి కూర్చోబెడుతుంది, ఈ పని ఒక్కటీ కానియ్యి అనేవారు. నాచేత ఒట్టేయించుకున్నారు. తప్పే."

"అన్నీ మీకే చెబుతారన్నమాట."

"పదకొండేళ్లు, రోజుకి తొమ్మిది గంటలు ఒకే గదిలో ఉన్నాం. మాటలు కలుస్తాయి కదండీ."

"మాటలేనా?"

తెరమీద రెండు గీతలూ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. నర్సు నావైపు కోపంగా చూసింది. నీరజాక్షి రెండు మూడుసార్లు నిదానంగా ఊపిరి తీసుకుని గీతల్ని మళ్లీ దారికి తెచ్చింది. అప్పుడు చెప్పింది.

"అబద్ధం చెప్తే ఇందులో కనబడిపోతుంది కాబట్టి చెప్తున్నాను. మొదట్లో రెండు మూడేళ్లు ఆయనంటే నాకిష్టం ఉండేది. ఆయనకి తెలీదు. తెలిసే మనిషీ కాదు. తర్వాత అదే పోయింది. మీరు పంపిన డబ్బా చూస్తే మాత్రం ఇప్పటికీ ఏటో అవుద్ది నాకు. నాకోసం పొద్దున్నే లేచి ఒకళ్లు కూర తరగడమన్నది నా బతుకులో లేదక్కా."

"అక్కా అనకు" అన్నాను.

అయితే "మీరు" అనడం ఆ పూట నేనే మానేశాను. నా అనుమానం నిజమే అయినందుకు ఒళ్లు మండింది. నన్ను చూసి ఏడ్చే మనిషి కూడా లోకంలో ఒకతి ఉందని తెలిసి, చెప్పొద్దూ, కాస్త తృప్తిగానూ అనిపించింది.

రెండింటికి పై గీతలో మొదటి తప్పటడుగు పడింది. పదీ ఇరవై కొట్టుకున్నాక ఒకటి ఎగిరిపోవడం. కాసేపటికి ఐదుకొకటి. నీరజాక్షి పెదాలు తెల్లబడ్డాయి, నుదుట చెమట పట్టింది. కింది గీత కూడా అలాగే కుంటడం మొదలెట్టింది.

"ఇంక పావుగంట. ఆ తర్వాత నేనే విప్పేస్తాను. ఇద్దరినీ పోగొట్టుకోలేను" అన్నాడు డాక్టరు. నాకు రెండో జతలోని కోటు తొడిగించి చూశాడు. నూట పదహారు.

"నాకో నిద్రమాత్ర ఇచ్చేయండి" అన్నాను.

"మందుతో దిగిన గుండెని ఆయన గుండె గుర్తుపట్టదు. మీ అంతట మీరు దిగాలి" అంది నీరజాక్షి. ఆయాసపడుతూనే మళ్లీ అంది: "సార్ ఒకటి చెప్పేవారు. రోజూ ఐదున్నరనుంచీ వంటింట్లో మీ పక్కన పీట వేసుకుని పేపరు చదువుతారట కదా. మీరు కూరలు బాగుచేస్తుంటే. పాతికేళ్లుగా మాటల్లేకుండానే ఒకరి పక్కన ఒకరు కూర్చునే గంట అదేనని. ఆ గంటే తనకి చాలా ఇష్టమనీ."

ఇది కూడా ఈవిడకి చెప్పారన్నమాట. నాకు మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. అంకె నూట ఇరవై ఒకటికి ఎగిరింది. నర్సు తల పట్టుకుంది.

నేను లేచి నిలబడి, "వంటవాళ్లకి ఫోన్ చేసి బీన్సు పంపమనండి. పచ్చివి. ఎన్నుంటే అన్ని" అన్నాను.

డాక్టరు నాకు మతిపోయిందనుకున్నట్టున్నాడు. నీరజాక్షి మాత్రం ఆయనతో గట్టిగా రెండు ముక్కలు చెప్పింది. ఐదు నిమిషాల్లో తెల్లటోపీ మనిషి ఒకడు పెద్ద గిన్నెనిండా బీన్సు తెచ్చాడు. కత్తి కూడా తెచ్చాడు. ఆ గదిలోకి కత్తి కుదరదన్నారు. అక్కర్లేదన్నాను. ఆయన మంచం పక్కన నేలమీద దుప్పటి పరుచుకుని, కోటుతోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, మొదటి బీన్సు తీశాను.

కొస గిల్లి, ఈనె లాగి, మూడు తుంపులు. మొదటి పాతిక కాయలు కోపంగానే విరిచాను, చిటికెలేసినట్టు చప్పుడైంది. ఓడ డాక్టరు మీద, పురుషోత్తం మీద, నీరజాక్షి మీద, దొండకాయ వేపుడు మీద, అందరిమీదా విరిచాను. తర్వాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఈనె సరిగా వస్తే తీసేదాన్ని, రాకపోతే రెండోవైపునుంచి లాగేదాన్ని. ముదురువి పక్కన పెట్టాను. పుచ్చువి ఒక్కటీ లేవు, ఈ ఓడవాళ్ల కాయలు మంచివే. వీటిలో కొబ్బరికోరు వేస్తే బాగుంటుందా, పెసరపప్పు వేస్తే బాగుంటుందా అని ఆలోచించాను.

"తొంభై ఆరు" అంది నర్సు మెల్లగా. కాసేపటికి "ఎనభై నాలుగు."

డెబ్బై ఎనిమిదికి వచ్చినప్పుడు డాక్టరు నన్ను ఆయనకి కలిపి, నీరజాక్షిని విప్పించాడు. నేను తలెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందోనని భయం. గిన్నెలోంచి కాయ తీయడం, తుంచడం, దుప్పటిమీద వేయడం. నాలుగు నిమిషాలు అయ్యాయి. ఐదు అయ్యాయి. ఆరో నిమిషంలో నీరజాక్షి గొంతు వినబడింది.

"అందుకున్నారండీ."

అప్పుడు చూశాను. రెండు గీతలూ కలిసి ఉన్నాయి. ఆవిడతో ఉన్నప్పటికన్నా బాగా కలిశాయా అని ముందు అదే చూశాను. అంతే బాగా కలిశాయి, ఎక్కువా లేదు తక్కువా లేదు. నాకు నాలుగు నిమిషాలు కాక ఆరు ఎందుకు పట్టిందని మనసు పీకింది. మళ్లీ బీన్సు అందుకున్నాను.

బీన్సు అయిపోతే బఠాణీలు తెప్పించారు. అవీ అయిపోతే పాలకూర కట్టలు. నా కాళ్లు మొద్దుబారిపోయాయి. మూడో గంటలో నా గుండె కూడా ఒకటీ అరా తప్పటడుగు వేయసాగింది. ఐదున్నరకి పైకప్పుమీద హెలికాప్టరు చప్పుడు వినబడింది.

ఎర్రచొక్కా మనిషి ఒకడు దిగివచ్చి, రోగితోపాటు ఒక్కరికే చోటుందనీ, ఆసుపత్రి గంటంపావు దూరమనీ చెప్పాడు. "మీరేగా భార్య? రండి" అన్నాడు నాతో.

అందరూ నన్నే చూశారు. నా హక్కు అది. పొద్దుట్నుంచీ ఎదురుచూసింది దానికోసమే. ఆసుపత్రిలో ఆయన కళ్లు తెరిస్తే ఎదురుగా నేనుండాలి. ఈ రెండేళ్ల మాత్రలకీ, పదకొండేళ్ల కబుర్లకీ జవాబు అదొక్కటే.

రెండు నిమిషాలకని డాక్టరుచేత పెట్టెనుంచి నన్ను విడదీయించుకుని, పైకి వెళ్లి ఆ హెలికాప్టరుని చూశాను. గాలికి నిలబడనివ్వట్లేదు, చప్పుడుకి చెవులు పోతున్నాయి. సిడ్నీకి విమానంలో వచ్చినప్పుడే కళ్లు మూసుకుని ఆయన మోచెయ్యి వదలకుండా కూర్చున్నాను. ఒళ్లో కూరలు పెట్టుకుని కూర్చునే చోటు కాదది. ఒంటిమీదున్న కోటు అంచున కనబడే అంకె చూసుకున్నాను. నూటపద్దెనిమిది. మధ్యలో కనుక గాడి తప్పితే అక్కడ షాకివ్వడానికి ఈ డాక్టరు కూడా ఉండడు.

కిందికి దిగి వచ్చాను. నీరజాక్షి మూడు గంటలు పడుకుని లేచి, గోడనానుకుని కూర్చునుంది. రంగు తిరిగి వచ్చింది.

"నీది ఎంతుంది?" అన్నాను.

ఆవిడ మణికట్టుకున్న గుండె లెక్కలు చూపే గడియారం చూపించింది. డెబ్బై ఒకటి.

"నువ్వెళ్లు."

"అదేటండీ. మీరు కదా..."

"నేనెక్కితే ఆయన్ని దారిలోనే చంపేస్తాను. నీకూ తెలుసు, నాకూ తెలుసు. లే."

కోటు విప్పి నా చేత్తో నేనే ఆవిడకి తొడిగాను. పక్కన బొత్తాలు రెండు సరిగా పడలేదు, సరిచేశాను. ఇష్టంతో చేసిన పని కాదది. తెరమీద వాళ్లిద్దరి గీతలూ మళ్లీ కలుస్తుంటే పళ్లు బిగబట్టి చూశాను.

"ఒకటే మాట. మెలకువ వస్తే ముందు నా పేరు చెప్పు. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను.

ఆవిడ తలూపింది. మా ఆయన్నీ, ఆవిడనీ పక్కపక్కనే పెట్టుకుని హెలికాప్టరు లేచింది. సాయంత్రపు ఎండలో చాలాదూరం కనబడుతూనే ఉంది. ఆఖరి చుక్కదాకా చూశాను.

మర్నాడు పొద్దున ఓడ ఆక్లండ్ రేవు చేరకముందే ఫోన్ వచ్చింది. గుండెకి చేయాల్సింది ఏదో చేశారట, గండం గడిచిందట. తెల్లవారాక కళ్లు తెరిచారట.

"మీ పేరే ముందు చెప్పాను. వకుళ గారు వస్తున్నారండీ అని" అంది నీరజాక్షి.

"ఏమన్నారు?"

"మందు మత్తులో ఉన్నారు. ఇవాళ డబ్బాలో ఏముందని అడిగారు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రోజూ గడప దాటేముందు ఆయన అడిగేది అదే. నా పక్కన, ఓడవాళ్లకి పారెయ్యొద్దని చెప్పి దాచుకున్న బీన్సు సంచి ఉంది.

"బీన్సు కూరని చెప్పు. ఎవరి వంటింట్లోనైనా కాస్త పొయ్యి ఇప్పించుకుని చేసుకొస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేయబోయి ఆగాను. "నువ్వు తిన్నావా?"

"లేదండీ."

"రెండు గిన్నెలు తెస్తాను."

అవతల ఆవిడ ఏడుస్తున్నట్టు తెలిసింది. ఆవిడ కూర్చున్న కుర్చీ ఆయన మంచానికి ఎంత దగ్గరగా ఉందో అడగాలనిపించింది. అడగలేదు. రేవులో దించేముందు నర్సు వచ్చి నా మణికట్టు పట్టుకుని, ఇంకా నూట తొమ్మిదుందనీ, కంగారేమీ లేదనీ, అది భయంవల్లనేననీ చెప్పింది.

"భయం నిన్నటితో పోయిందమ్మా, ఇది వేరే" అన్నాను.